పేదయింటి పొయ్యి, ఫ్యాను, పైకప్పు

2024 మార్చి మొదలుకొని తెలంగాణములో ఆహారభద్రత కార్డు గల కుటుంబములలో, నెలకు 200 యూనిట్లకు మించక కరెంటు వాడుకొనువారికి సున్నా రూపాయల బిల్లు అందుచున్నది. ఆ యేటి ఫిబ్రవరి 27న ఒకే దినమున ఆరంభమైన రెండు పథకములలో గృహజ్యోతి యను నిది యొకటి. రెండవది మహాలక్ష్మి పేర వంటగ్యాసు సిలిండరును 500 రూపాయలకే అందజేయునది. మెదకు పట్టణమునకు ఆనుకొనియున్న హవేలిఘనపూర్ వంటి మండలములో బీడీలు చుట్టియు, వరినాట్లకు పోయియు, మేస్త్రీల వెంట ఇటుకలు మోసియు జీవించు కుటుంబమునకు ఈ రెండింటివలన నెలకు కొన్ని వందల రూపాయలు చేత మిగులుచున్నవి; ఆ మిగులుబాటు పిల్లల పుస్తకములకో, ముసలితల్లి మందులకో, కిరాణాదుకాణపు బాకీకో అక్కరకు వచ్చుచున్నది. దీనిని ఉచితముల మోజని తేలికగ కొట్టివేయువారితో నేను ఏకీభవింపజాలను. వెలుతురు, వంట, వేసవిలో ఇంత గాలి అనునవి విలాసములు కావు. అయినను అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది: ప్రభుత్వము ప్రతినెలయు చెల్లించుచున్న ఈ ధనము పేదయింటి అవసరమును తగ్గించుచున్నదా, లేక ఆ అవసరమును ఉన్నదున్నట్లుంచి దాని వెలను మాత్రము భరించుచున్నదా? నేను చూచినంతవరకు రెండవదే జరుగుచున్నది. బిల్లు కట్టువారు మారిరి గాని, కరెంటును వృథాగ మ్రింగు పాత ఫ్యాను, ఎండను ఇంటిలోనికి దింపు రేకుల కప్పు, కన్నులు మండించు కట్టెలపొయ్యి ఆ యింటిలో ఎక్కడివక్కడనే యున్నవి.

హవేలిఘనపూర్ 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు మెదకు మండలమునుండి వేరుపడి ప్రత్యేక మండలమైనది. జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉన్నది ఇక్కడనే. ఒక దిక్కున మెదకు పట్టణపు పోకడలు, మరియొక దిక్కున పోచారము అభయారణ్యము వైపు సాగిపోయిన అడవి, నడుమ వరిపొలములు, మక్కచేలు, లంబాడీ తండాలు. ఇట్టి చోట ఇంటి ఇంధనము ఏకరూపముగ ఉండుట సాధ్యము కాదు. తెల్లవారుజామున గ్యాసుపొయ్యి మీద చాయ కాగును, పిల్లలు బడికి పోవువేళ తొందరగ ఒక కూర ఉడుకును. స్నానమునకు నీళ్లు మాత్రము వాకిలిలో మూడురాళ్ల పొయ్యిమీద పెద్ద గంజులో కాగుచుండును. సాయంకాలము జొన్నరొట్టెలకును, నలుగురైదుగురికి అన్నమునకును మరల కట్టెలే. పత్తి తీసివేసిన పిదప చేలలో మిగిలిన కట్టె, కందికట్టె, గింజలు ఒలిచిన మక్కబెండ్లు, అడవి అంచునుండి మోపుకట్టి తెచ్చిన ఎండుపుల్లలు, ఇవి యన్నియు గోడ ప్రక్కన పేర్చబడి, పైన ప్లాస్టికు పట్టా కప్పబడి యుండుట ఏ తండాలోనైనను కన్నులకు కట్టును. ఎందులకిట్లని అడిగినచో ఆ యిండ్లలో వినవచ్చు మాట ఒక్కటే: "బండ మూడు నెలలు రావాలె గద." మూడు నెలలు సాగదీయవలసిన ఆ సిలిండరులో ఉండునది 14.2 కిలోల గ్యాసు. అయిదుగురున్న యింటిలో వంట యంతయు, నీళ్లు కాచుటయు దానిమీదనే జరిగినచో అది నెల దాటుట కష్టము. అందుచేత ఆ యింటి యిల్లాలు గ్యాసును ఇంధనముగ గాక, అతిథులు వచ్చినపుడును, వాన కురిసినపుడును, ఒంట్లో బాగుండనపుడును వాడుకొను ఆపద్ధనముగ దాచుకొనుచున్నది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో దీపం పథకము క్రింద మహిళాసంఘముల సభ్యులకు గ్యాసు కనెక్షనులు పంచిరి. దేశములో పేదస్త్రీల వంటయింటికి గ్యాసు చేర్చిన తొలి పెద్ద ప్రయత్నములలో అది యొకటి. సిలిండరు ఇంటికి చేరినను కట్టెల వాడకము ఆగలేదని ఆ తరువాతి కొద్ది యేండ్లలోనే పరిశీలకులు గుర్తించిరి. 2016 మే 1న ఉత్తరప్రదేశములోని బలియాలో ఉజ్జ్వల యోజన ఆరంభమైనపుడు ఆ అనుభవమును లెక్కలోనికి తీసికొనియుండిన బాగుండెడిది; కాని అక్కడను మొదట కనెక్షనుల సంఖ్యయే విజయమునకు కొలబద్ద యైనది. రెండవ సిలిండరు, అయిదవ సిలిండరు, పదవ సిలిండరు కొనుటకు ఆ యింట డబ్బున్నదా లేదా అను ప్రశ్న ఆలస్యముగ వచ్చినది. 2022 మేలో ఉజ్జ్వల లబ్ధిదారులకు సిలిండరుకు 200 రూపాయల చొప్పున రాయితీ ప్రకటించిరి, 2023 అక్టోబరులో దానిని 300 చేసిరి. కాని ఏడాదికి పండ్రెండు సిలిండరులకు వర్తించిన ఆ రాయితీని 2025-26లో తొమ్మిదింటికి కుదించిరి.

మహాలక్ష్మి పథకము ఈ లోటును చాలవరకు పూడ్చినదని ఒప్పుకొనవలెను. కాని దానిలోను రెండు చిక్కులున్నవి. వానిలో మొదటిది, వినియోగదారు ముందుగ పూర్తి ధర చెల్లించి, 500 రూపాయలకు పైబడిన మొత్తము తన బ్యాంకు ఖాతాలో జమయగువరకు వేచియుండవలసివచ్చుట. రోజుకూలి మీద బ్రతుకు ఇంటిలో ఎనిమిది, తొమ్మిది వందలు ఒక్కసారిగ తీసి యిచ్చుటయే అసలు ఇబ్బంది. తరువాత వచ్చు డబ్బు ఎంత నిశ్చయమైనదైనను, ఆ దినమున చేత లేని డబ్బునకు బదులు కాజాలదు. రెండవ చిక్కు ఇంతకన్న లోతైనది. ఏ కుటుంబమునకు ఏడాదికి ఎన్ని సిలిండరులు రాయితీ మీద ఇవ్వవలెనను లెక్కకు, ఆ కుటుంబము గడచిన మూడేండ్లలో సగటున వాడిన సిలిండరుల సంఖ్యను ఆధారముగ తీసికొనిరి. ఖజానా దృష్టితో చూచినచో ఇది న్యాయముగనే తోచును, దుర్వినియోగమునకు తావుండదు. కాని గడచిన మూడేండ్లలో తొమ్మిది వందలు, వెయ్యి రూపాయలు పెట్టలేక ఏడాదికి నాలుగు సిలిండరులతోనే సరిపెట్టుకొని, మిగిలిన వంట యంతయు పొగలో చేసికొన్న ఇల్లాలికి ఈ లెక్క ఏమి చెప్పుచున్నది? నీవు నిన్న పేదరికమువలన వాడలేదు గనుక, నేడు రాయితీయు నీకు అంతవరకే అని. పట్టణములో స్థిరమైన రాబడితో ఏడాదికి తొమ్మిది సిలిండరులు వాడిన కుటుంబమునకు తొమ్మిదింటి మీద రాయితీ; తండాలో నాలుగు వాడిన కుటుంబమునకు నాలుగింటి మీదనే. సహాయము ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ చేరు ఈ ఏర్పాటును సవరించుట కష్టమేమియు కాదు. కార్డులో ఎందరున్నారో ప్రభుత్వమునకు తెలియును. పాతవాడకమును గాక కుటుంబ పరిమాణమును బట్టి సిలిండరుల సంఖ్య నిర్ణయించిన చాలును.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత (2019-21) ప్రకారము దేశములో 58.6 శాతము కుటుంబములే స్వచ్ఛమైన ఇంధనముతో వంట చేసికొనుచుండగా, తెలంగాణములో పదింట తొమ్మిది కుటుంబములకు పైగా ఆ స్థితికి చేరినట్లు లెక్క తేలినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆ సర్వే అడుగునది వంటకు ముఖ్యముగ వాడు ఇంధనమేదని మాత్రమే. చాయకును కూరకును గ్యాసు వాడి, నీళ్లకును రొట్టెకును కట్టెలు వాడు ఇల్లు ఆ లెక్కలో స్వచ్ఛమైన ఇంధనపు ఇల్లుగనే నమోదగును. వాకిలిలోని రెండవ పొయ్యి ఏ పట్టికలోను కనబడదు. దాని పొగ మాత్రము ఊపిరితిత్తులలో కనబడును. ఇండ్లలోని ఇంధనపు పొగవలన 2020లో ప్రపంచమంతట సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1980వ దశకపు తొలినాళ్లలో కిర్క్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు గుజరాత్ గ్రామములలో వంట చేయు స్త్రీలకు చిన్న పరికరములు కట్టి వారు పీల్చు పొగను కొలిచినాడు. మన హైదరాబాదు సమీపములోని 28 గ్రామములలోను ఇటీవలి కాలమున ఇట్టి అధ్యయనము జరిగినది. ఈ పొగ తెచ్చు రోగములు ఏవో నేడు అస్పష్టముగ లేవు.

ఈ పొగను వంటయింటినుండి వెళ్లగొట్టవలెనను ఆలోచన ఎక్కడనో పుట్టి మన దగ్గరకు వచ్చినది కాదని నేటి పాలకులకు గుర్తుచేయవలసియున్నది. 1953లో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టముతో కూడిన మట్టిపొయ్యి నొకదానిని రూపొందించి, దానిని గురించి "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అను చిన్న పుస్తకము వెలువరించినారు. మద్రాసులోని క్రైస్తవ సాహిత్య సంఘమువారు దానిని ప్రచురించిరి. ఆ పొయ్యిలో ఒకే మంట వరుసగనున్న కుండల క్రిందుగ సాగిపోయి, పొగ చివరకు గొట్టము ద్వారా పైకప్పు మీదుగ వెలుపలికి పోవును. ఒక గిన్నెను కాచిన వేడి తక్కిన గిన్నెలకును పనికివచ్చును. స్వాతంత్ర్యము వచ్చిన అయిదారేండ్లలోనే, ఆనకట్టలును ఉక్కు కర్మాగారములును దేశము దృష్టినంతయు ఆకర్షించుచున్న కాలమున, ఒక ఇంజనీరు తన విద్యను పేదయిల్లాలి పొయ్యిమీద వెచ్చించుట నాకు అపురూపమైన విషయముగ తోచును. ఆ పొయ్యి హైదరాబాదు పొయ్యియను పేర పొయ్యిల చరిత్ర వ్రాయువారి గ్రంథములలో నేటికిని ప్రస్తావింపబడుచున్నది. హైదరాబాదులోని వారిలో దాని పేరు విన్నవారు అరుదు.

అది ఎందులకు నిలువలేదు? అట్టి పొయ్యిలకు తరువాత పట్టిన గతియే దీనికి జవాబు. 1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి, 2002లో ముగించువరకు మూడు కోట్లకు పైగా పొయ్యిలను పంచినది. కాని గొట్టములో మసి పేరుకొనినచో తీయువారు లేరు. పగిలిన మట్టిని మరల మెత్తువారు లేరు. రొట్టె కాల్చుటకు మంట ఎత్తుగ కావలసిన ఇంటికి అన్నపు కుండకు సరిపడు పొయ్యిని కట్టి వెళ్లిరి. కట్టిన పొయ్యిలను లెక్కించిరి గాని, ఏడాది గడచిన తరువాత ఎన్ని మండుచున్నవో లెక్కించు పద్ధతి బలపడలేదు. కిర్క్ స్మిత్ వంటివారే తమ చివరి యేండ్లలో, కట్టెలపొయ్యిని బాగుచేయుటకన్న గ్యాసును, విద్యుత్తును పేదలకు అందుబాటులోనికి తెచ్చుట మేలని నిశ్చయించుకొనిరి. వంట విషయమున ఆ నిర్ణయము సమంజసమే. కాని హవేలిఘనపూరు తండాలలో నీళ్లు కాచు పొయ్యి రేపే ఆరిపోవునని ఎవరును చెప్పలేరు. 2025 ఆగస్టు చివర మెదకు, కామారెడ్డి జిల్లాలను ముంచెత్తిన వానల వంటి వానలు కురిసినపుడు, గోడ ప్రక్కన పేర్చిన కట్టెలు నానిపోయి, ఎన్నడు చూడనంత పొగ వచ్చును. గొట్టము గల ఒక మట్టిపొయ్యిని కట్టుట తెలిసిన మేస్త్రీ ఊరికొకడు, సంవత్సరమునకు రెండుమార్లు వచ్చి గొట్టము శుభ్రపరచు బాధ్యత మహిళాసంఘమునకు, దానికి చిన్న వేతనము: ఇంతవరకు చేయుట గ్యాసు విధానమునకు విరుద్ధము కాదు, దానికి తోడు.

ఇక కరెంటు సంగతి. 1970లోనే సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము ఏర్పడి, గ్రామములకు విద్యుత్తు చేర్చుటలో దేశమునకు ఒక దారి చూపినది. 1988-89లో వచ్చిన కుటీరజ్యోతి పథకము పేదయింటికి ఒక్క దీపపు కనెక్షను ఇచ్చినది. అటుపిమ్మట ధరల సమస్య ముందుకు వచ్చినది; 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగ జరిగిన నిరసనపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఈ రాష్ట్రములో విద్యుత్తు ధర ఒక ఆర్థిక విషయముగ మాత్రమే ఎన్నడును ఉండలేదు.

2022 ఏప్రిలులో అమలునకు వచ్చిన ధరల ప్రకారము 200 యూనిట్లు వాడిన గృహమునకు మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100 యూనిట్లకు 4 రూపాయల 80 పైసలు చొప్పున, స్థిర ఛార్జీలు తక్కినవి కాక, 820 రూపాయలగును. 201వ యూనిటు నమోదైనదో, ఆ యిల్లు వేరొక వర్గములోనికి పోవును: మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆ పైదానికి 7 రూపాయల 70 పైసలు, మొత్తము 1,027 రూపాయల 70 పైసలు. గృహజ్యోతి లేని యింటికి ఆ ఒక్క యూనిటు ధర రమారమి 208 రూపాయలైనది. గృహజ్యోతి ఉన్న యింటికి సున్నానుండి ఒక్కసారిగ 1,027 రూపాయలకు పోవును. ఏలయన 200 దాటిన నెలలో రాయితీ సంపూర్ణముగ పోవును, దాటిన మేరకు కాదు. మెదకు జిల్లాలో మే నెలలో రేకుల ఇంటిలో చంటిపిల్లనో, మంచముపట్టిన ముసలివానినో పెట్టుకొని, రాత్రంతయు కూలరు తిప్పక తప్పని కుటుంబమే ఈ గీతను దాటును. ఎండ ముదిరిన నెలలో, ఖర్చు ఎక్కువైన నెలలో, సహాయము ఆగిపోవును. మీటరు చూచువాడు వచ్చు దినము దగ్గరపడుచున్నకొలది ఫ్యాను కట్టివేసి కూర్చొను ఇండ్లు కలవు. అది పొదుపు కాదు, భయము. ఢిల్లీలో 2019 నుండి 200 యూనిట్లు దాటినవారికి 400 యూనిట్ల వరకు సగము రాయితీ ఇచ్చుచున్నారు. తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ప్రతి గృహమునకు ఉచితమై, దాటినదానికి మాత్రమే ధర కట్టుదురు. మన దగ్గర కూడ ఉచిత పరిమితిని దాటిన యూనిట్లకే ధర వసూలుచేయు పద్ధతిని, కనీసము ఏప్రిలు, మే, జూను నెలలకైనను, అమలుచేయవలెను.

ఇప్పుడు అసలు చెప్పదలచిన మాటకు వచ్చుచున్నాను. తన బిల్లు తాను కట్టు గృహస్థునకు పొదుపైన ఫ్యాను కొనుటలో లాభము కలదు. కొంత ఎక్కువ ధర పెట్టినను బిల్లులో అది తిరిగి వచ్చును. సున్నా బిల్లు వచ్చు ఇంటికి ఆ లాభము లేదు, ఉండదు. అట్టి ఫ్యాను కొనలేదని వారిని నిందించుట అన్యాయము. ఆ యింటి యూనిట్లకు డబ్బు చెల్లించునది ప్రభుత్వము, కావున ఆ యూనిట్లను తగ్గించుటలో లాభము పొందునదియు ప్రభుత్వమే. గృహజ్యోతి యను నిర్ణయముతో ప్రభుత్వము లక్షల కుటుంబముల ఫ్యానులకును, బల్బులకును, ఫ్రిజ్జులకును కరెంటు ఖర్చు భరించు యజమాని యైనది; అట్టి యజమాని చేయవలసిన పని ఆ సామానును మార్చుట.

లెక్క చూడుడు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు లాగును, బి.ఎల్.డి.సి. మోటారు గల నేటి ఫ్యాను అంతే గాలికి 28 వాట్లు లాగును. రెండు ఫ్యానులు రోజుకు పది గంటలు తిరుగు ఇంటిలో నెలకు ఆదా యగునది 28 యూనిట్లు. అవి 4 రూపాయల 80 పైసల శ్రేణిలో పడినపుడు నెలకు 135 రూపాయలు ప్రభుత్వమునకు మిగులును. సంవత్సరములో తొమ్మిది నెలలు తిరిగినను 1,200 రూపాయలకు పైమాటే. విడిగ కొన్నచో రెండు ఫ్యానుల వెల నాలుగేండ్లలో తీరును. లక్షల సంఖ్యలో ఒక్కసారిగ కొన్నచో ఇంకను ముందుగ తీరును. అంతకుమించి, 28 యూనిట్లు తగ్గిన ఆ యింటికి మే నెలలో 201వ యూనిటు బెడద తొలగిపోవును. నేడు మాత్రము ఆ యిండ్లలో జరుగుచున్నదేమి? ఫ్యాను కాలిపోయినచో మెదకులోని వైండింగు దుకాణమునకు మోసుకొనిపోయి, రాగితీగ మరల చుట్టించి తెచ్చుకొందురు. చుట్టించిన ఫ్యాను మునుపటికన్న ఎక్కువ కరెంటు లాగుచు తక్కువ గాలి ఇచ్చుట సాధారణము. గోడకున్న పాత డబ్బా రెగ్యులేటరు ముట్టుకొనినచో వేడిగ నుండును. తగ్గించిన వేగమువలన మిగులవలసిన కరెంటు అక్కడ వేడియై పోవుచున్నది. 2023 జనవరి 1 నుండి కొత్త సీలింగు ఫ్యానులన్నిటికి నక్షత్రపు గుర్తు తప్పనిసరి చేసిరి గాని, కొత్త ఫ్యాను కొననివారికి ఆ నియమము ఏమి చేయగలదు?

పెద్దమొత్తపు కొనుగోలు ఎంత పని చేయగలదో మనము ఇదివరకే చూచినాము. 2014 ఆరంభమున ఎల్.ఇ.డి. బల్బును ప్రభుత్వరంగ సంస్థయైన ఎనర్జీ ఎఫిషియన్సీ సర్వీసెస్ వారు 310 రూపాయలకు కొనిరి. 2015 జనవరి 5న ఉజాలా పథకము ఆరంభమై దేశమంతట కోట్లలో కొనుగోలు జరుగగా, 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగినది. మొత్తము మీద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ యైనవి. 60 వాట్ల బుడ్డి బల్బు ఉన్న చోట 9 వాట్ల దీపము వచ్చినది. తండాలో గుడిసెకును, పట్టణములో భవంతికిని ఒకే దీపము, ఒకే ధర. 2023 నవంబరులో అదే సంస్థ కోటి ఫ్యానుల పథకమును ప్రకటించినది; గృహజ్యోతి లబ్ధిదారుల జాబితా చేతిలో నున్న తెలంగాణ ప్రభుత్వము దానితో చేయి కలిపి, పాత ఫ్యాను తీసికొని కొత్త ఫ్యాను బిగించు పనిని మహిళాసంఘముల ద్వారా ఏల చేయరాదు? బిల్లునకు బదులు ఇంటినే సరిచేయుట కొత్త ఆలోచన కాదు: అమెరికాలో 1970ల చమురు సంక్షోభము తరువాత, 1976లో, పేదల ఇండ్ల గోడలను, కిటికీలను, పైకప్పులను చలికి తట్టుకొనునట్లు ప్రభుత్వ వ్యయముతో సరిచేయు కార్యక్రమము మొదలిడిరి. బిల్లు కట్టుటలో తోడ్పడు పథకము అటు తరువాత దానికి జతయై వచ్చినది. వారికి చలి, మనకు ఎండ.

ఎండ మాట వచ్చినది గనుక పైకప్పును గురించి చెప్పక తీరదు. మెదకు ప్రాంతపు పాత ఇండ్లలో మందపాటి మట్టిగోడలు, దంతెలు, పైన గూనపెంకులు. మధ్యాహ్నపు వేడి ఇంటిలోనికి దిగులోపల సాయంత్రము వచ్చెడిది. ఆ యిండ్లు కురిసినవి, కూలినవి, తేళ్లు పాములు చేరినవి. సిమెంటు స్లాబు కావలెనని పేదవాడు కోరుట సహజమే. స్లాబు వేయలేనివాడు రేకులు వేసికొనినాడు. కాని నున్నని బూడిదరంగు స్లాబు పగలంతయు ఎండను త్రాగి రాత్రి పది గంటల తరువాత దానిని ఇంటిలోనికి వదలును. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పును. 2017లో హైదరాబాదులోని ఒక బస్తీలో సుమారు 25 ఇండ్ల పైకప్పులకు తెల్లని పొర పరచి చూడగా లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. 2023 ఏప్రిలులో తెలంగాణ చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, రాష్ట్రములో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచవలెనని లక్ష్యము పెట్టుకొనినది. ప్రభుత్వ భవనములకును, వాణిజ్య భవనములకును, ప్రభుత్వ గృహపథకములకును అది తప్పనిసరి. 600 గజముల కన్న తక్కువ స్థలములోని సొంత ఇండ్లకు ఐచ్ఛికము. హవేలిఘనపూరులో 600 గజముల ఇల్లు ఎందరికున్నది? ఐచ్ఛికమని విడిచిన ఇండ్లే ఎండకు ఎక్కువగ వేగునవి.

2024 మార్చి 11న భద్రాచలములో ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద ఇల్లొకటికి 5 లక్షల రూపాయలు ఇచ్చుచున్నారు. ఆ యిల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదని, వంటగది ఉండవలెనని నిబంధన కలదు. ఆ వంటగదిలో పొగ పోవుటకు ఒక గొట్టము, స్లాబు మీద సున్నపు పూతయో తెల్లని పెంకుముక్కల పరుపో, గాలి ఎదురెదురుగ ఆడు రెండు కిటికీలు ఉండవలెనని కూడ వ్రాసి, చివరి విడత డబ్బు విడుదలచేయు ముందు పనిచూచు ఇంజనీరు వానిని గుర్తించి సంతకము చేయవలెనని నియమించినచో అదనపు వ్యయము స్వల్పము. ఇప్పుడే కట్టుచున్న ఇంటిలో ఇది చేయుట తేలిక. కట్టిన తరువాత మార్చుట ఆ కుటుంబమునకు ఎన్నటికిని సాధ్యపడదు. కేంద్రము 2024 ఫిబ్రవరిలో ఆరంభించిన సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల సౌరఫలకములకు 78,000 రూపాయల వరకు రాయితీ లభించును, కాని సొంత పెట్టుబడి లేని వానికిని, ఫలకముల బరువు మోయలేని రేకుల కప్పు వానికిని అది ప్రస్తుతమునకు దూరమే. సున్నా బిల్లు ఉన్నవాడు అప్పుచేసి ఫలకములు పెట్టించునని ఆశించుటయు పొరబాటు. ఇందిరమ్మ ఇండ్ల స్లాబులను పంపిణీ సంస్థయే తీసికొని, తన ఖర్చుతో ఫలకములు బిగించి, ఆ యింటి ఉచిత యూనిట్లను అక్కడనే పుట్టించుకొనుట ఆలోచింపదగిన మార్గము.

దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ఏటేట తన రాబడి వ్యయముల లెక్కలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందుంచును. మండలి బహిరంగ విచారణ జరుపును, ఎవరైనను లేచి తమ అభ్యంతరము చెప్పవచ్చును. ఎన్ని యూనిట్లు సరఫరా చేసిరి, ప్రభుత్వము ఎంత రాయితీ ఇచ్చినది, ఎంత బాకీ పడినది అను అంకెలు ఆ విచారణలో పేజీలకొలది వచ్చును. గృహజ్యోతి ఇండ్లలో ఈ సంవత్సరము ఎన్ని పాత ఫ్యానులు మార్చితిరి, 200 యూనిట్లు దాటినందువలన వేసవిలో ఎన్ని కుటుంబములు రాయితీ కోల్పోయినవి, అవి ఏ మండలములలోనివి అను మూడు ప్రశ్నలకు సంస్థ వ్రాతపూర్వకముగ జవాబీయవలెనని మండలి ఆదేశింపవచ్చును. ఆ జవాబులలో హవేలిఘనపూరు మండలపు వరుసయు ఉండవలెను. వచ్చు విచారణకు మెదకునుండి పోవు మహిళాసంఘముల ప్రతినిధులు ఈ మూడు ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని పోవుదురుగాక.